మోకాళ్ళ మీద చిన్న ఎడిటర్

చెంగ్‌కుంగ్, సెప్టెంబర్ 4

ఒరేయ్ ఆషున్,

నీ మూట అందింది. నెట్లో నా పేజీలో జనం రాసిన కామెంట్లన్నీ అచ్చు తీసి, క్లిప్పులు పెట్టి, రంగు కాగితాలు అంటించి పంపావు. పోస్టుమాన్ అదేదో పెళ్ళి శుభలేఖల కట్ట అనుకుని నాకు శుభాకాంక్షలు చెప్పాడు. అన్నీ చదివాను. జవాబులు వేరే కాగితాల మీద రాసి దీంతోపాటు పంపుతున్నాను. ఒక్క అక్షరం మార్చకుండా పేజీలో ఎక్కించు. పువ్వులూ కుందేళ్ళూ అంటించకు.

ఈ జనం సంగతే నాకు అర్థం కావడం లేదు. హోటళ్ళకి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆడవాళ్ళ చేతులు ఆవిరికి ఎలా ఉడికిపోతున్నాయో పుస్తకం రాశాను. చదివినవాళ్ళకి కోపం రావాలని రాశాను. వీళ్ళకి ఏడుపొచ్చిందట. ఏడ్చాక మనసు తేలికపడిందట. ఒకమ్మాయి పుస్తకాన్ని తెల్లటి దుప్పటి మీద పెట్టి, పక్కన కాఫీ కప్పు పెట్టి ఫొటో తీసింది. ఆ దుప్పటి ఎవరు ఉతికారని ఒక్కరూ అడగలేదు. నన్ను 'లాన్ అక్కా' అంటున్నారు. నేనెప్పుడు అక్కనయ్యాను వీళ్ళకి? ఇంగ్లీషు 'ఫ్యాన్స్'ని మన భాషలోకి వంచి, అభిమానికి మీ తరం పెట్టుకున్న పేరే సేమ్యా. సరిగ్గానే పెట్టారు. వేడినీళ్ళు పోస్తే కాసేపు ఉబ్బుతుంది, చల్లారితే ముద్దవుతుంది.

పేజీ లేని రచయిత బతికిలేనట్టేనని మీ ప్రచురణ సంస్థవాళ్ళు నా ప్రాణం తీస్తుంటే, నడిపేది మా అన్నయ్య కొడుకే గదా అని ఒప్పుకున్నాను. వాళ్ళేమో నీకు 'చిన్న ఎడిటర్' అని బిరుదిచ్చారు. పేజీలు నడిపే ప్రతివాణ్నీ అలాగే పిలుస్తారట. పెళ్ళీడు దాటుతున్న మగవాణ్ని పట్టుకుని చిన్నేమిటి? జీతం చిన్నదని చెప్పడానికా?

ఇక్కడ ఉక్క. సముద్రం కదలకుండా పడుకుని ఉంది, తుఫాను పట్టేలా ఉంది. మీ నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

మీ అత్త,
సులాన్


తైపే, సెప్టెంబర్ 11

అత్తా,

నీ జవాబులన్నీ ఎక్కించాను. 'మీకు ఏడుపొచ్చిందంటే నేను సరిగ్గా రాయలేదన్నమాట' అన్నదానికి అన్నిటికన్నా ఎక్కువ హృదయం గుర్తులు వచ్చాయి. నువ్వు తిట్టేకొద్దీ వీళ్ళు నిన్ను ముద్దు చేస్తున్నారు. 'ఈ వేళ లాన్ అక్క నన్ను తిట్టింది' అని ఒకమ్మాయి గొప్పగా పెట్టుకుంది. నీకు ఇది పైనుంచి చూసే విషయం. నాకు రోజూ వీళ్ళతోనే పని. వాళ్ళలో నర్సులున్నారు, బస్సు డ్రైవర్లున్నారు, షిఫ్టు దిగి ఇంటికెళుతూ రైల్లో రాసేవాళ్ళున్నారు. అందరూ సేమ్యా కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. వాళ్ళు పొద్దున రాసి మధ్యాహ్నానికల్లా జవాబు కోసం చూస్తారు. నీ ఉత్తరం కొండలూ తీరం రోడ్డూ దాటి వచ్చేసరికి వాళ్ళు అడిగిందే మరిచిపోతారు. ఫోన్ కొనుక్కో అంటే వినవు. మీ ఊరి చేపల సంఘం దుకాణానికి ఫోన్ చేస్తే, ఎత్తినవాడు 'ఏ సులాన్, అరిచే సులానేనా' అని అడిగి పెట్టేస్తాడు.

అందుకే ఒక పని చేశాను. తూ యింగ్‌హ్వా అని ఒకావిడ, తావ్‌యువాన్‌లో విమానాశ్రయం దగ్గర హోటల్ దుప్పట్ల కార్ఖానాలో పనిచేస్తుంది. ఎవరికీ కనపడకుండా నీకే సందేశం పంపింది. గౌరవంగా టీచర్ అంటూ ఇలా రాసింది: 'టీచర్‌గారూ, మీ పుస్తకం మా లైన్లో అందరం ఒకరి తర్వాత ఒకరం చదివాం. జులైలో ఇస్త్రీ రోలర్ నా కుడిచేతిని లోపలికి లాగేసింది. పని తొందరగా అవుతుందని చెయ్యి లోపలికి పోకుండా రోలర్ ముందుండే కడ్డీని మా సూపర్‌వైజరే తీయించాడు. ఇప్పుడు నా అజాగ్రత్త వల్లే జరిగిందని ఒక కాగితం మీద సంతకం చేస్తే, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామంటున్నారు. రేపు పొద్దున చెప్పాలి. చేయనా, వద్దా?'

రేపు పొద్దున, అత్తా. నీకు పోస్టు చేసి కూర్చోనా? నేను సొంత తెలివి వాడలేదు. నీ ఏడో అధ్యాయంలోంచి వాక్యం తీసి పెట్టాను: 'రాజీ కాగితం మీద నువ్వు పెట్టే సంతకం, రేపు అదే యంత్రం ముందు నిలబడేదాని మెడ మీద కత్తి.' కింద నీ పేరు. ఆవిడ 'సరే టీచర్' అంది.

బాగానే చేశాను కదూ? నాన్న మోకాలు అలాగే ఉంది. డాక్టరు మాట వినడు. మన ఇంటి రక్తం.

ఆషున్


చెంగ్‌కుంగ్, సెప్టెంబర్ 18

ఆషున్,

బాగా చేశానా అని అడుగుతావా నన్ను?

ఆ వాక్యం నాదే. కానీ అది పుస్తకంలో వాక్యం. వేలమందితో ఒకేసారి మాట్లాడేటప్పుడు గొంతు అలా పెడతాం. చెయ్యి కాలిన ఒక మనిషి ఎదురుగా నిలబడి సంతకం చేయనా అని అడిగితే ఆ గొంతుతో మాట్లాడతామా? నీ మొగుడు ఏం చేస్తాడు, ఇల్లు అద్దెదా, ఎడమచేత్తో అన్నం తినగలుగుతున్నావా, ముందు ఇవి అడుగుతాం. అడిగాక నేనైతే ఏమనేదాన్నో చెప్పనా? చేసెయ్యి తల్లీ అనేదాన్ని. గేటు దగ్గర కూర్చో, ఆ చెయ్యి బాగుచేసుకో, కంపెనీతో పోట్లాడటానికి మేమున్నాం అనేదాన్ని.

నువ్వేమో గుళ్ళో జోస్యం చీటీ తీసిచ్చినట్టు నా వాక్యం తీసిచ్చావు. మీ పేజీల జబ్బే ఇది. వెంటనే జవాబు కావాలి, పొట్టిగా కావాలి, కింద పెద్దమనిషి పేరుండాలి. దాన్నే రచయితకీ పాఠకుడికీ మధ్య వారధి అని మీ కేటలాగులో వేసుకుంటారు. అవతల నేను లేను కదరా. నా వేషం కట్టిన నువ్వున్నావు.

ఆవిడకి వెంటనే రాయి. ఆ మాట నాది కాదని రాయి. సంతకం పెట్టమని రాయి. తీరం రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో. రాస్తున్నాను, లేస్తున్నాను, గుమ్మం దాకా వెళ్ళొస్తున్నాను.

సులాన్


తైపే, సెప్టెంబర్ 25

అత్తా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆలస్యమైపోయింది. యింగ్‌హ్వా గారు నేను జవాబిచ్చిన మర్నాడే సంతకం పెట్టనని చెప్పేసింది. ఆ సాయంత్రమే ఆవిణ్ని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు వెళ్ళి 'పెట్టెయ్' అని రాయమంటావా?

నువ్వు కోప్పడతావని తెలుసు, అయినా అడుగుతాను. ఏడో అధ్యాయం ఎవరికోసం రాశావు? చేతులు బాగున్నవాళ్ళు చదివి తల ఊపడానికా? వాళ్ళనేగా నువ్వు రోజూ తిట్టేది. నువ్వు రాసింది రాసినట్టు నమ్మి చేసిన మనిషి ఒక్కత్తి దొరికింది. ఆవిడకేమో నేనైతే వేరే చెప్పేదాన్నంటున్నావు. అలాగైతే పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉండాల్సింది, ఎదురుపడి అడిగేవాళ్ళకి ఇది వర్తించదని. ఒకసారి తావ్‌యువాన్ వచ్చి ఆవిణ్ని చూడకూడదా?

ఇంకోటి. కంపెనీ లాయరు మా సంస్థకి నోటీసు పంపాడు. రచయిత్రి మా కార్మికురాల్ని రెచ్చగొట్టిందట. మా పెద్ద ఎడిటర్ యాన్ మేడం కంగారుపడిపోయింది. దీనికి ఇక్కడ ఒక ఆచారం ఉంది, నీకు తెలియదు. పేజీలో తప్పు దొర్లితే అది ఎప్పుడూ చిన్న ఎడిటర్ తప్పే. వాడు పూసల లెక్కచట్రం మీద మోకాళ్ళేసి, గోడవైపు తిరిగి కూర్చున్న ఫొటో పెట్టాలి. 'ఇది చిన్న ఎడిటర్ అజాగ్రత్త, రచయితకి సంబంధం లేదు' అని కింద రాయాలి. జనం నవ్వుకుంటారు, పాపం వాడికి టీ ఇప్పించండి అంటారు, గొడవ చల్లారిపోతుంది. పెద్దపెద్ద కంపెనీలూ ఇదే చేస్తాయి.

నీ మాట లేనిదే పెట్టనని చెప్పాను. చెప్పు, ఏం చేయను?

ఆషున్


చెంగ్‌కుంగ్, సెప్టెంబర్ 30

ఆషున్,

పెట్టు.

మోకాళ్ళ సంగతి మీరూ మీరూ చూసుకోండి. రాసేది నిజమే కదా. ఆ జవాబు నేనివ్వలేదు. నేననని మాటని నేను మోయను.

తావ్‌యువాన్ రమ్మంటావు. వచ్చి ఏం చేయాలి? నేను పక్కన నిలబడితే లాయరుకి పండగ. యింగ్‌హ్వా చెయ్యి వెనక్కిపోయి నా నోరు ముందుకొస్తుంది. 'చూశారా, రాజకీయం' అంటాడు. నేను దూరంగా ఉండటమే ఆవిడకి మేలు. దీన్ని పిరికితనం అనుకుంటే అనుకో, నాకు నీ మెచ్చుకోలు అక్కర్లేదు.

ఏడో అధ్యాయం ఎవరికోసమని అడిగావు. దానికి జవాబు రాశాను, చించేశాను. మళ్ళీ రాశాను. అదీ చించేశాను. వాన వదలడం లేదు. కత్తిచేపల పడవలు రేవులోనే ఉన్నాయి. ఊరంతా ఏదో ఒకటి చేయాలని తిరుగుతూ ఏమీ చేయకుండా ఉంది.

సులాన్


తైపే, అక్టోబర్ 4

అత్తా,

పెట్టాను. ఫొటో, కామెంట్లు అచ్చు తీసి పంపుతున్నాను.

లెక్కచట్రం పక్కింటి తాతగారి దగ్గర అడిగి తెచ్చాను. మొదటిసారి తీసిన ఫొటోలో నేను బాధపడుతున్నట్టు కనిపించడం లేదని యాన్ మేడం మళ్ళీ కూర్చోబెట్టింది. మెడ ఇంకొంచెం వంచమంది. జనానికి బాగా నచ్చింది. వాళ్ళకి నువ్వింకా కావాలట, నీ పుస్తకం మళ్ళీ అచ్చేస్తున్నారు. లాయరు కూడా ఊరుకున్నాడు.

ఫొటో నాన్న చూశాడు. అన్నం తిని లేచి వెళ్ళాడు.

లెక్కచట్రం ఇంకా నా దగ్గరే ఉంది.

చిన్న ఎడిటర్


చెంగ్‌కుంగ్, అక్టోబర్ 9

ఆషున్,

ఫొటో చూశాను. బోర్లా తిప్పి పెట్టాను. మళ్ళీ తిప్పి చూశాను.

ముప్పై ఏళ్ళుగా నేను రాస్తున్నది ఒక్కటే. కడ్డీ తీయించేది పైవాడు, 'నా అజాగ్రత్త' అని సంతకం పెట్టాల్సింది కిందివాడు. ఇదే మార్చి మార్చి రాశాను, బహుమతులు కూడా తీసుకున్నాను. మీ యాన్ మేడం నీ చేత రాయించింది అచ్చం ఆ కాగితమే. పెట్టు అన్నది నేను. యింగ్‌హ్వా పెట్టనన్న సంతకాన్ని నీ చేత నేను పెట్టించాను. పైగా దీనికి నవ్వుతున్న ముఖాలు. ఒక పనివాడు పూసల మీద మోకాళ్ళేసుకుని ఉంటే ఈ దేశానికి ముచ్చటగా ఉంది. నిన్ను ఒక్కడైనా 'లేవరా' అన్నాడా? నేనూ అనలేదు కాబట్టి వాళ్ళని తిట్టే నోరు నాకు లేదు. అయినా తిడుతున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈ కామెంట్ల మధ్యలో, టీ ఇప్పించండి అనేవాడికీ ఎంత ముద్దుగా ఉన్నాడో అనేదానికీ నడుమ, తూ యింగ్‌హ్వా పేరుతో ఒక మాట ఉంది: 'అయితే పదిహేడో తారీఖున ఎవరూ రారన్నమాట. సరే.'

దానికి ఎవరూ జవాబివ్వలేదు. నువ్వూ ఇవ్వలేదు.

పదిహేడున ఏముంది? ఎవరు వస్తామన్నారు? ఆ రోజు నువ్వు నాకు రాసిందంతా కాక ఇంకేం రాశావు ఆవిడకి? నిజం చెప్పు. దుకాణానికి ఫోన్ చెయ్. వద్దు, వాడు ఊరంతా చాటుతాడు. ఎక్స్‌ప్రెస్ పోస్టులో రాయి. ఈ ఉత్తరం ఆలస్యమవుతుందని నేనే బస్సెక్కి తైతుంగ్ వెళ్ళి అక్కడ పోస్టు చేస్తున్నాను.

సులాన్


తైపే, అక్టోబర్ 11

అత్తా,

ఆవిడ సందేశం నీకు సగమే రాశాను. మిగతా సగం ఇది: 'సంతకం పెట్టకపోతే అక్టోబర్ పదిహేడున కార్మికశాఖ ఆఫీసులో మధ్యవర్తి ముందు కూర్చోవాలంట. మా ఆయన ఈ గొడవలోకి రానన్నాడు. మా లైన్లోవాళ్ళకి ఆ రోజు డ్యూటీ. ఒక్కదాన్నే వాళ్ళ ముందు కూర్చోలేను. మీరు వస్తారా?'

నేను 'వస్తాను' అని రాశాను.

నీ పుస్తకంలోంచి తీయని మాట అదొక్కటే. ఆ తర్వాతే ఆవిడ 'సరే టీచర్' అంది. ఏడో అధ్యాయం చూసి కాదు. నిన్ను మెల్లగా ఒప్పిద్దాంలే అనుకున్నాను. నువ్వు పెట్టెయ్ అనేదాన్నని రాశాక నాకు నోరు రాలేదు. లాయరు నోటీసు వచ్చాక అసలు రాలేదు.

నిన్న ఆవిడకి నా సొంత పేరుతో రాశాను, నేను తోడు వస్తానని. 'నువ్వొద్దు బాబూ, ముందు ఆ మోకాళ్ళకి మందు రాసుకో' అంది.

పొద్దున పది గంటలకి. తావ్‌యువాన్ కార్మికశాఖ ఆఫీసు, మూడో అంతస్తు. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. చెప్పడం నా బాధ్యత కాబట్టి చెప్పాను.

ఆషున్


తావ్‌యువాన్ స్టేషన్, అక్టోబర్ 17

ఆషున్,

రైలుకింకా టైముంది. బల్ల ఊగుతోంది, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

ఆఫీసు మెట్ల దగ్గర కలిశాను. సన్నటి మనిషి, కుడిచేతికి కట్టు, ఎడమచేతిలో పాలిథిన్ సంచీ నిండా టీలో ఉడికించిన గుడ్లు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఫొటోలో పొడుగ్గా ఉంటారు" అంది.

"కూర్చోబెట్టి తీశారు" అన్నాను.

"ఆ పోస్టు చూశాక రారనుకున్నా."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. వస్తానన్నది మా మేనల్లుడమ్మా, నేను కాదు. నన్నడిగి ఉంటే సంతకం పెట్టెయ్యమనేదాన్ని అన్నాను. సంచీ మెట్టు మీద పెట్టి ఎడమచేత్తో గుడ్డు పెంకు తీస్తున్నదల్లా ఆగింది.

"మరి పుస్తకంలో అలా రాశారేంటి?"

"పుస్తకంలో రాశాను."

"అంటే మీకు భయం."

"అవును."

"నాకూ భయమే. ముందు ఇది తినండి, పొద్దున్నే బయల్దేరుంటారు." నేను తినేదాకా కదలలేదు. పుస్తకంలో రోలర్ పేరు తప్పు రాశానని కూడా మెట్లెక్కుతూ దెప్పింది. వాళ్ళ లైన్లో మరియా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయికి నేను చెప్పినదంతా అర్థమైందట, నా పొడుగాటి వాక్యాలు మాత్రం కాలేదట.

పైన మధ్యవర్తి నీ వయసువాడు. మర్యాదస్తుడే. కంపెనీ తరఫున లాయరు, సూపర్‌వైజరు. సూపర్‌వైజరు యింగ్‌హ్వా ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మధ్యవర్తి నన్ను చూపించి, "ఈవిడ మీకేమవుతారు?" అని యింగ్‌హ్వాని అడిగాడు.

"నాతో వస్తానన్నారు" అంది. అంతే చెప్పింది.

లాయరు నవ్వాడు. "ఈవిడ రచయిత్రి. ఈ గొడవతో తనకేం సంబంధం లేదని వాళ్ళే ప్రకటించారు" అని ఫోన్ తీసి మధ్యవర్తి ముందు పెట్టాడు. చూశాను. తెర మీద నీ వీపు. నీ వంచిన మెడ. ఆ ఫొటో గొడవ చల్లార్చడానికని కదూ అన్నావు? లాయరు ఊరుకున్నది చల్లారి కాదు. దాన్ని జేబులో పెట్టుకుని ఇవాళ్టి కోసం దాచాడు.

మధ్యవర్తి చదివి, "ఆ జవాబు మీరిచ్చింది కాదా?" అని అడిగాడు.

నాకు ఎన్ని వాదనలు తెలుసు. న్యాయం మీద గంటసేపు మాట్లాడగలను. ఒక్కటీ రాలేదు. యింగ్‌హ్వా గుడ్ల సంచీ ముడిని ఎడమచేత్తో లాగుతూ వదులుతూ కూర్చుంది, నావైపు చూడలేదు. నేనేమంటే దానికి సిద్ధపడినట్టు.

"నాదే" అన్నాను. "ప్రతి మాటా నాదే. మా ఎడిటర్ నేను చెప్పిందే రాశాడు. ఆ ఫొటో అబద్ధం."

అబద్ధమాడాను, ఆషున్. నిజం రాయి నిజం రాయి అని నిన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టినదాన్ని, ప్రభుత్వ ఆఫీసులో కూర్చుని రికార్డులోకి ఎక్కేలా అబద్ధమాడాను. లాయరు రాసుకున్నాడు. నా మీద కేసు పెడతానన్నాడు. పెట్టమన్నాను. ఆ తర్వాత యింగ్‌హ్వా మాట్లాడింది. కడ్డీ ఎవరు తీయించారో, ఆ రోజు ఎవరెవరు చూశారో, వాళ్ళు ఎందుకు రాలేకపోయారో, ఒకటొకటే చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు. నేను నోరు తెరవాల్సిన అవసరం లేకపోయింది.

తేలలేదు. కంపెనీ ఒప్పుకోలేదు. నవంబర్ ఏడుకి వాయిదా వేశారు.

కిందికి దిగుతుంటే యింగ్‌హ్వా, "ఆ మాట మీది కాదన్నారుగా" అంది.

"పొద్దున నాది కాదు. ఇప్పుడు నాదే."

ఇంకో రెండు మెట్లు దిగింది. "ఏడున కూడా వస్తారా?"

"వస్తాను" అన్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి. ఆ ఫొటో తీసెయ్. లెక్కచట్రం తాతగారికి ఇచ్చెయ్. యాన్ మేడం గొడవపడితే, నా తర్వాతి పుస్తకం ఎవరికివ్వాలో నేనింకా అనుకోలేదని చెప్పు. ఆ తర్వాత పేజీలో నీ సొంత పేరుతో, చియెన్ పోషున్ అని, ఇవాళ ఆఫీసులో జరిగిందంతా రాయి. నేను అబద్ధమాడిన సంగతి మాత్రం మనలో ఉంచు, కోర్టులో పని పడుతుంది. ఆ హృదయాలు పంపేవాళ్ళలో నర్సులున్నారనీ డ్రైవర్లున్నారనీ అన్నావు గదా. వాళ్ళకి చెప్పు. నవంబర్ ఏడున పొద్దున పది గంటలకి, ఆ రోజు సెలవున్నవాళ్ళు రమ్మను. యింగ్‌హ్వా పక్కన కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి.

మూడో అంతస్తు. లిఫ్ట్ పాడైందని కూడా రాయి.

మీ అత్త,
సులాన్